చెత్తబండి ఏ దారిన పోవలెను?

తెల్లవారి ఆరు గంటలవేళ పేటలోనికి చెత్తబండి వస్తుంది. బండి నడిపే మనిషి ఒకరు, ఇంటింటికి పోయి బుట్టలు అందుకొనే మనిషి మరొకరు. ఎనిమిది దాటితే రోడ్లమీద రద్దీ మొదలవుతుంది. పిల్లలు బడులకు, పెద్దలు కచేరీలకు బయలుదేరుతారు. చాల ఇండ్లకు తాళాలు పడతాయి. ఈలోపలనే పేటలోని వీధులు, సందులు అన్నీ తిరిగి పని ముగించవలెను. ఏ ఒక్క సందు మిగిలిపోయినా, ఆ సందులోని చెత్త మధ్యాహ్నానికి మలుపులో కుప్ప అవుతుంది. వాన వస్తే మురుగుకాలువలోనికి చేరుతుంది. అందుచేత బండి ఏ వీధి తరువాత ఏ వీధికి పోవలెను అనే ప్రశ్న వినడానికి చిన్నదే అయినా, నిజానికి చిన్నది కాదు. దీనికి జవాబు చెప్పే గణితశాస్త్రశాఖకు దాదాపు మూడు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

చెత్త సకాలములో కదలకపోతే ఏమి జరుగుతుందో చెప్పడానికి సూరతు నగరము చాలును. 1994లో భారీవర్షాలు, వరదల తరువాత ఆ నగరములో చెత్త, బురద పేరుకొనిపోయినవి. ఆ సెప్టెంబరు నెలలో అక్కడ ప్లేగు కనిపించినది. భయముతో లక్షలాది జనము ఊరు విడిచి వెళ్ళినారు. 1995లో నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు నగరమును మండలాలుగా విభజించి, అధికారులు ప్రతిదినము కార్యాలయాలు విడిచి వీధులలో తిరిగి పని చూడవలెనని నియమము పెట్టినారు. కొద్ది కాలములోనే సూరతు దేశములోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు పొందినది. మనుషులు, బండ్లు ఎన్ని ఉన్నవి అనేది ఎంత ముఖ్యమో, అవి ఏ క్రమములో పనిచేస్తున్నవి అనేది అంత ముఖ్యమని ఈ అనుభవము తెలుపుతున్నది.

రెండు వేర్వేరు లెక్కలు

పూర్వము మన పట్టణాలలో వీధి మలుపులలో చెత్తకుండీలు ఉండేవి. ఇండ్లవారు చెత్తను తెచ్చి కుండీలో వేసేవారు. లారీ వచ్చి కుండీలను ఖాళీచేసేది. ఆ పద్ధతిలో లారీకి కావలసినది కొన్ని స్థలాలను చేరడము మాత్రమే. ఏ దారిన చేరినా ఇబ్బంది లేదు. గణితజ్ఞులు దీనిని ఊరూరు తిరిగే వర్తకుని సమస్య అంటారు. వర్తకుడు అన్ని ఊళ్ళకు ఒక్కొక్కసారి పోయి, అతి తక్కువ దూరము నడిచి ఇల్లు చేరవలెను. పది కుండీలు ఉంటే వాటిని చుట్టివచ్చే క్రమాలు 36,28,800 ఉంటాయి. కుండీల సంఖ్య పెరిగినకొద్దీ ఈ క్రమాల సంఖ్య ఊహకు అందనంతగా పెరుగుతుంది. 1954లో డాంట్సిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు అమెరికను గణితజ్ఞులు 49 నగరాల పర్యటనకు అతి తక్కువ దూరపు దారిని కనుగొనినప్పుడు అది గొప్ప విజయముగా ఎన్నబడినది.

2000వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమాలు ఇంటింటి నుండి చెత్త సేకరించవలెనని చెప్పినవి. 2016 నాటి నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, హానికరమైన గృహవ్యర్థాలను ఇంటివద్దనే వేరుచేయవలెనని చెప్పినవి. 2015లో హైదరాబాదులో ఇంటింటికి రెండేసి బుట్టలు పంచి, ఆటో టిప్పర్లను ప్రవేశపెట్టినారు. ఈ మార్పుతో లెక్క స్వరూపమే మారినది. ఇప్పుడు బండి కొన్ని స్థలాలను చేరితే చాలదు; ప్రతి వీధిని ఈ కొన నుండి ఆ కొన వరకు నడవవలెను. ప్రతి వీధిలో ఉత్తరాలు పంచే తపాలా బంట్రోతు పని కూడ ఇటువంటిదే. ఆశ్చర్యమేమంటే, చూపునకు ఎక్కువ కష్టముగా తోచే ఈ రెండవ లెక్కయే, సాదా రూపములో మొదటిదానికన్న సులభముగా తెగుతుంది.

ఏడు వంతెనల పాఠము

అది ఎట్లు తెగుతుందో తెలియవలెనంటే 1736వ సంవత్సరానికి పోవలెను. అప్పటి ప్రష్యా దేశములోని కోనిగ్స్‌బర్గు నగరములో - నేడు అది రష్యాలోని కలినిన్‌గ్రాదు - ఒక నది పాయలుగా చీలి పారుతున్నది. నాలుగు భూభాగాలను ఏడు వంతెనలు కలుపుతుండేవి. ప్రతి వంతెనను ఒక్కసారి మాత్రమే దాటుతూ ఏడింటిని దాటిరావడము సాధ్యమా అన్నది ప్రశ్న. లియోనార్డ్ ఆయిలరు అనే మహాగణితజ్ఞుడు అది అసాధ్యమని నిరూపించినాడు.

ఆయన తర్కము హైస్కూలు విద్యార్థికి సులభముగా బోధపడుతుంది. నాలుగు వీధులు కలిసే ఒక కూడలిని తీసుకొనండి. బండి ఒక వీధినుండి వచ్చి మరొక వీధిలోనికి పోతుంది. మళ్ళీ మూడవ వీధినుండి వచ్చి నాలుగవ వీధిలోనికి పోతుంది. వచ్చే వీధికి, పోయే వీధికి జత కుదిరినది. మూడు వీధులు కలిసే కూడలి అయితే, ఒక జత పోగా ఒక వీధి మిగిలిపోతుంది. ఆ వీధిన వచ్చిన బండికి కొత్త దారి లేదు. నడిచిన వీధినే తిరిగి నడవవలెను. సరిసంఖ్యలో వీధులు కలిసేదానిని సరి కూడలి అని, బేసిసంఖ్యలో కలిసేదానిని బేసి కూడలి అని అందాము. ఒకదానినొకటి అంటి ఉన్న వీధులలో బేసి కూడలి ఒక్కటి కూడ లేకపోతే, ఏ వీధినీ రెండవసారి తొక్కకుండా అన్నిటినీ చుట్టి బయలుదేరిన చోటికి రావచ్చును. బేసి కూడలి ఉన్నదంటే కొంత వృథాప్రయాణము తప్పదు. కోనిగ్స్‌బర్గులో నాలుగు భూభాగాలూ బేసియే: ఒకదానికి ఐదు వంతెనలు, తక్కిన మూటికి మూడేసి.

ఇక్కడ గమనించదగిన విషయము మరొకటి ఉన్నది. ఏ పేటలోనైనా బేసి కూడళ్ళ సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యయే. ప్రతి వీధికి రెండు కొనలు ఉంటాయి. కూడళ్ళవద్ద కలిసే వీధికొనలన్నిటిని కూడితే వీధుల సంఖ్యకు రెట్టింపు, అనగా సరిసంఖ్య, వస్తుంది. మొత్తము సరి కావలెనంటే బేసిసంఖ్యలు జతలుగానే ఉండవలెను. మూసుకొనిపోయిన గొంది చివర కూడ ఒక వీధియే ఉంటుంది గనుక అదికూడ బేసి కూడలి క్రిందనే లెక్క.

ఒక చిన్న పేట

సూత్రము కాగితముమీద పెట్టి చూస్తేనే స్పష్టమవుతుంది. పక్కపక్కగా పోయే రెండు వీధులు గల ఒక చిన్న పేటను ఊహించవలెను. పై వీధిమీద ఎడమనుండి కుడికి క, చ, ట, త అనే నాలుగు కూడళ్ళు ఉన్నవి. క్రింది వీధిమీద వాటికి ఎదురుగా గ, జ, డ, ద అనే నాలుగు కూడళ్ళు ఉన్నవి. పక్కపక్క కూడళ్ళ నడుమ వీధిమీద దూరము 100 మీటర్లు. క-గ, చ-జ, ట-డ, త-ద అనే నాలుగు సందులు రెండు వీధులను కలుపుతున్నవి. ఒక్కొక్క సందు పొడవు 40 మీటర్లు. వీధుల పొడవు 600 మీటర్లు, సందుల పొడవు 160 మీటర్లు. మొత్తము 760 మీటర్లు. బండి క వద్ద బయలుదేరి, అన్ని ఇండ్ల చెత్త తీసుకొని, మళ్ళీ క వద్దకే రావలెను.

ముందు ఆలోచన లేని దారి ఒకటి చూద్దాము. బండివాడు పెద్ద వీధుల పని ముందు ముగించుదామని క-చ-ట-త-ద-డ-జ-గ-క అని చుట్టివచ్చినాడు. ఇది 680 మీటర్లు. నడిమి సందులు రెండూ మిగిలిపోయినవి. వాటికోసము మళ్ళీ క-చ-జ-డ-ట-చ-క అని 480 మీటర్లు తిరిగినాడు. మొత్తము 1,160 మీటర్లు అయినది.

ఇప్పుడు సూత్రము ప్రయోగించవలెను. ఈ పేటలో బేసి కూడళ్ళు చ, ట, జ, డ అనే నాలుగు. రెండేసి బేసి కూడళ్ళను జతచేసి, ఆ జతల నడుమ దారిని రెండవసారి నడిస్తే అన్నీ సరి కూడళ్ళవుతాయి. నాలుగింటిని జతలుచేసే విధాలు మూడే ఉన్నవి. చ-జ, ట-డ అని జతచేస్తే అదనపు దూరము 80 మీటర్లు. చ-ట, జ-డ అని చేస్తే 200 మీటర్లు. చ-డ, ట-జ అని చేస్తే 280 మీటర్లు. మొదటిదే మేలు. అనగా 760కి 80 కలిపి 840 మీటర్లలో పని పూర్తి అవుతుంది. ఇంతకన్న తక్కువ దూరములో పూర్తిచేయడము ఎవరివల్లనూ కాదు. మొదటి దారితో పోల్చితే 320 మీటర్లు, అనగా నూటికి 27 పాళ్ళకు పైగా, కలిసివచ్చినది.

అయితే 840 మీటర్ల దారి ఒక్కటే కాదు. క-చ-జ-చ-ట-డ-ట-త-ద-డ-జ-గ-క అని పోతే సరిగా 840 మీటర్లే అవుతుంది. కాని నడిమి సందులలోనికి పోయి, కొనవద్ద బండిని వెనుకకు తిప్పి రావలెను. ఇరుకు సందు మొగలో బండిని తిప్పడము ఎంత యాతనో బండివానికే తెలుసును. క-చ-జ-డ-ట-త-ద-డ-ట-చ-జ-గ-క అని పోయినా 840 మీటర్లే. ఈ దారిలో ఎక్కడా బండిని వెనుకకు తిప్పనక్కరలేదు. పైగా చ-జ సందులో రెండుసార్లూ చ నుండి జ వైపునకే, ట-డ సందులో రెండుసార్లూ డ నుండి ట వైపునకే పోతున్నది. ఒక పర్యాయము ఒక వరుస ఇండ్లు, రెండవ పర్యాయము ఎదుటి వరుస ఇండ్లు చూసుకొనవచ్చును. దూరము సమానమైన దారులలో మనిషికి సుఖమైనదానిని ఎన్నుకొనడము గణితము చేసే పని కాదు. వీధిని ఎరిగినవాడు చేసే పని.

బంట్రోతు సమస్య

అన్ని వీధులను చుట్టి తిరిగివచ్చే అతి తక్కువ దూరపు దారిని కనుగొనే ఈ లెక్కను మొట్టమొదట 1960లో ప్రతిపాదించినది గువాన్ మెయ్‌గూ అనే చైనా గణితజ్ఞుడు. గణితజ్ఞులు నిత్యజీవితములోని పనులకు ఉపయోగపడవలెనని ఆ దేశములో ఉద్బోధ సాగుతున్న కాలమది. అందుచేతనే దీనికి చైనా తపాలా బంట్రోతు సమస్య అనే పేరు నిలిచినది.

పై ఉదాహరణలో జతలు మూడు విధాలే గనుక చేతితో లెక్కించవచ్చును. బేసి కూడళ్ళు ఆరు ఉంటే 15 విధాలు, ఎనిమిది ఉంటే 105 విధాలు ఉంటాయి. ఇరవై ఉంటే 65,47,29,075 విధాలు అవుతాయి. నిజమైన పేటలో ఇరవై బేసి కూడళ్ళు ఉండడము వింత కాదు. అన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించకుండానే ఉత్తమమైన జతలను త్వరగా కనుగొనే పద్ధతిని 1965లో జాక్ ఎడ్మండ్స్ చూపినాడు. నేటి సామాన్యమైన కంప్యూటరు ఈ పద్ధతిలో ఒక పెద్ద పేట లెక్కను కూడ చప్పున తేల్చగలదు.

కాని వీధులు లెక్కకు లొంగినంత సులభముగా నగరము లొంగదు. కొన్ని వీధులు ఒకవైపు రాకపోకలవి, కొన్ని రెండువైపులవి అయిన చోట సమస్య మిక్కిలి కఠినమవుతుందని 1976లో పాపదిమిత్రియు నిరూపించినాడు. అటువంటి చోట్ల పరిపూర్ణమైన దారికోసము కాక, దానికి దగ్గరగా ఉండే మంచి దారికోసము ప్రయత్నిస్తారు. 1974లో బెల్ట్రామీ, బోడిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు న్యూయార్కు నగరపు చెత్త సేకరణకు ఈ రకపు గణితాన్ని ఉపయోగించి వ్రాసిన వ్యాసము ఈ రంగములో తొలి ముఖ్యకృషిగా ఎన్నబడుతున్నది. కొన్ని స్థలాలకు వారానికి మూడు దినాలు, కొన్నిటికి ఆరు దినాలు బండి పోవలసి ఉన్నప్పుడు దినాలను ఎట్లు పంచవలెను అనేది కూడ వారు విచారించినారు.

బండి నిండినప్పుడు

బండి మోసే బరువునకు మితి ఉన్నది. మన పట్టణాలలో ఒక మనిషికి దినానికి సుమారు 300 నుండి 600 గ్రాముల వరకు చెత్త వస్తుంది. ఒక పేటలో 500 ఇండ్లు, ఇంటికి నలుగురు, మనిషికి 400 గ్రాములు అనుకొంటే మొత్తము 800 కిలోలు అవుతుంది. బండి 700 కిలోలే మోయగలిగితే, మిగిలిన 100 కిలోలకోసము అది మరొక పర్యాయము రావలెను. చెత్తను పెద్ద లారీలలోనికి మార్చే కేంద్రము ఐదు కిలోమీటర్ల దూరములో ఉంటే, పోయిరావడానికి పది కిలోమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో 40 నిమిషాలు. సందులలో మీటర్లు లెక్కించి మిగిల్చినదంతా ఈ ఒక్క ప్రయాణములో పోతుంది.

ఈ కారణముచేత దారిని గీయడానికి ముందే పేట సరిహద్దులను గీయవలెను. బండి ఒకమారు నిండడానికి సరిపోయేటన్ని ఇండ్లను ఒక దారికి కేటాయించవలెను. చెత్తను మార్చే కేంద్రాలు ఊరికి దూరముగా కాక నడుమనడుమ ఉంటే చిన్న బండ్లు త్వరగా తిరిగివస్తాయి. దూరప్రయాణము పెద్ద లారీలు చేస్తాయి. హైదరాబాదులో దిగువ ట్యాంకుబండు వద్ద చెత్తను పెద్ద వాహనాలలోనికి మార్చి, నగరము వెలుపలి జవాహర్‌నగరుకు తరలించడములోని సూత్రము ఇదియే.

నిండిన బండి సామాన్యముగా దారి చివరి సందును విడిచిపెట్టి పోతుంది. ప్రతిదినము అదే క్రమములో పోతే ప్రతిదినము నష్టపడేది అదే సందు. సందు ఎంత ఇరుకైతే దారిలో అంత వెనుకకు పడుతుంది. అక్కడ ఉండేవారు చాలవరకు బీదలు. మొత్తము దూరము తగ్గినంత మాత్రాన ఆ దారి మంచిదని చెప్పడానికి వీలులేదు. ఏ ఇంటి చెత్తా మిగలకుండా పోయే దారులలో పొట్టిదానిని వెదకవలెను.

నిలిచే కాలము

కాలాన్ని కూడ లెక్కించి చూడవలెను. 500 ఇండ్లవద్ద, ఇంటికి 20 సెకండ్ల చొప్పున బండి ఆగితే 10,000 సెకండ్లు, అనగా సుమారు రెండు గంటల 47 నిమిషాలు. ఐదు కిలోమీటర్ల వీధులు తిరగడానికి 20 నిమిషాలే. అనగా ఎక్కువ కాలము నడకలో కాదు, నిలకడలో పోతున్నది. బండి దినమూ ఒకే వేళకు వస్తే ఇంటివారు బుట్టలతో వాకిట సిద్ధముగా ఉంటారు. నిలకడ 20 సెకండ్లనుండి 15కు తగ్గితే దాదాపు 42 నిమిషాలు మిగులుతాయి. తడి, పొడి చెత్తలు ఇంటివద్దనే వేరైతే బండివద్ద ఏరుకొనే పని తప్పుతుంది. కచ్చితమైన వేళ పాటించడము బండివాని వంతు. వాకిట సిద్ధముగా ఉండడము ఇంటివారి వంతు.

1974లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కంప్యూటరు లేకుండానే దారులు గీసుకొనడానికి కొన్ని సూత్రాలు ప్రకటించినది. ఒక బండి వీధులు చెల్లాచెదరుగా కాక ఒకచోట కూడి ఉండవలెను. దారి మొదలు బండి నిలిచే చోటికి దగ్గరగా ఉండవలెను. రద్దీ వీధులను రద్దీ వేళలో ముట్టుకొనరాదు. ఏటవాలు వీధిలో పైనుండి క్రిందికి దిగుతూ చెత్త తీయవలెను. ఎదురు వాహనాలకు అడ్డుగా తిరిగే మలుపులు తగ్గించవలెనన్నది మరొకటి. అక్కడ వాహనాలు కుడిప్రక్కన పోతాయి గనుక కుడి మలుపులు మేలు. మన దేశములో ఎడమప్రక్కన పోతాయి గనుక మనకు ఎడమ మలుపులు మేలు. ఒకచోటి సూత్రమును మరొకచోటికి తెచ్చుకొనేటప్పుడు దాని కారణమును కూడ తెచ్చుకొనవలెను.

తోపుడుబండి లెక్క

పాతబస్తీ సందులలోనికి ఆటో కూడ పోలేదు. అక్కడ మనిషి తోపుడుబండినే నెట్టవలెను. మూసుకొనిపోయిన 200 మీటర్ల సందులో 20 ఇండ్లు సమదూరములో ఉన్నవి, ఇంటికి రెండు కిలోల చెత్త అనుకొందాము. మొత్తము 40 కిలోలు. లోపలికి పోతూ చెత్త తీస్తే, పోయేటప్పుడు బండిలో సగటున 20 కిలోలు, వచ్చేటప్పుడు 40 కిలోలు ఉంటాయి. బరువును దూరముతో గుణిస్తే 20 × 200 + 40 × 200 = 12,000. ఖాళీ బండితో సందు చివరకు పోయి, తిరిగివస్తూ చెత్త తీస్తే పోయేటప్పుడు సున్న, వచ్చేటప్పుడు 20 × 200 = 4,000. బండి సొంత బరువు రెండింటిలోను ఒకటే. నడిచిన దూరము కూడ ఒకటే, 400 మీటర్లు. కాని చెత్త బరువును లాగిన శ్రమ మూడవవంతుకు తగ్గినది. దీనికి పైసా ఖర్చు లేదు. క్రమము మార్చితే చాలును. తెల్లవారుజామున ఇటువంటి సందులు అనేకము తిరిగే పారిశుధ్య కార్మికుని భుజాలకు ఈ తేడా తెలుస్తుంది.

విద్యార్థులు చేయదగిన పని

ప్రతి పాఠశాల విద్యార్థులు తమ పేట పటమును తామే గీయవచ్చును. కూడళ్ళకు అక్షరాలు పెట్టి, వీధుల పొడవును అడుగులతో కొలిచి, బేసి కూడళ్ళను గుర్తించి, జతలు కట్టి, అతి తక్కువ దూరము ఎంతో కనుగొనవచ్చును. తరువాత ఒక ఉదయము లేచి, చెత్తబండి నిజముగా ఏ దారిన పోతున్నదో దానితోపాటు నడిచి చూడవలెను. రెండు దారులకు తేడా కనిపిస్తే వెంటనే తప్పు పట్టరాదు. బండివానిని కారణము అడగవలెను. ఫలానా మలుపులో పాలబండ్లు ఆగుతాయనో, ఫలానా ఇంటి ముసలమ్మ ఏడు గంటలకు గాని తలుపు తీయదనో ఆయన చెప్పవచ్చును. అదికూడ లెక్కలో చేర్చదగిన సంగతియే. పటము, సూత్రము, బండివాని అనుభవము మూడూ కలిసిననాడు, పేటలోని చివరి సందు వాకిట కూడ ఎనిమిది గంటలలోపున బుట్ట ఖాళీ అవుతుంది.